ములుగు దారిలో ఒక ఊరి హోటలు: మామూలు రోజుల భోజనం, ఆదివారం భోజనం

హనుమకొండ నుంచి ములుగు వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి మీద గూడెప్పాడ్ చౌరస్తా దాటిన తరువాత, రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో, పాత పెంకుటింటి ముందుభాగాన్ని హోటలుగా మార్చి ఆలుమగలిద్దరు భోజనం పెడుతున్నారు. బోర్డు మీద హోటలు పేరంటూ ఏదీ లేదు. "భోజనం తయార్" అని పెద్ద అక్షరాలతో, దాని కింద "నాటుకోడికి ముందుగా చెప్పవలెను" అని చిన్న అక్షరాలతో రాయించారు. రామప్ప గుడికీ లక్నవరం చెరువుకూ వెళ్ళేవాళ్ళలో చాలామంది ఈ బోర్డును గమనించకుండానే దాటిపోతారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు గంటల లోపల ఇక్కడ దొరికే భోజనం, ఈ దారిలో నేను తిన్నవాటిలో అన్నిటికంటె మంచిది. ఆదివారం భోజనం గురించి ఆ మాట అనలేను. ఈ తేడా ఎందుకు వస్తున్నదో తెలియాలంటే పళ్ళెంలోకి వచ్చినదానితోపాటు హోటలు నడిచే తీరును కూడా చూడాలి. పల్లెలో ఇటువంటిది పెట్టాలని ఆలోచిస్తున్నవాళ్ళకూ అది పనికివస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మామూలు భోజనం 90 రూపాయలు. స్టీలు పళ్ళెంలో అన్నం, పప్పు గానీ పప్పుచారు గానీ, ఒక కూర, ఒక తొక్కు, పచ్చిపులుసు, చివరికి మజ్జిగ. అప్పడం లేదు, స్వీటు లేదు, పట్నం హోటళ్ళలో పళ్ళెం నిండుగా కనబడడానికి పెట్టే చిన్న చిన్న గిన్నెల వరుసా లేదు. అన్నం వాళ్ళ సొంత పొలంలో పండిన సన్నాలది. వడ్లను కొన్ని నెలలు నిలవబెట్టి మరపట్టిస్తారు కనుక మెతుకు విడివిడిగా ఉంటుంది. ఈ జాగ్రత్త అనవసరమైన ఆడంబరమని నేను అనుకోను. 2025 ఉగాది తరువాత రేషన్ దుకాణాల్లో కూడా మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇంట్లో సన్నన్నం తింటున్న మనిషి డబ్బులిచ్చి హోటల్లో దొడ్డన్నం తినడు.

పచ్చిపులుసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చింతపండు రసం పొద్దున్నే పిసికి పెట్టుకున్నా, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, వేయించి దంచిన నువ్వులపొడి మాత్రం పంక్తి కూర్చున్నాకనే కలుపుతారు. అందువల్ల నువ్వుల వాసన పోదు, ఉల్లిగడ్డ మెత్తబడదు. పెద్ద హోటళ్ళలో ఇదే పచ్చిపులుసును ఉదయం పది గంటలకు బకెట్టులో కలిపి సాయంత్రం దాకా పోస్తారు. అది పుల్లటి నీళ్ళకంటె ఎక్కువేమీ కాదు. తొక్కు కాలాన్ని బట్టి మారుతుంది. కూర కూడా అంతే: వానకాలంలో అడవి నుంచి వచ్చే బోడకాకరకాయ, ఎండలు ముదిరే వేళ చింతచిగురు పప్పు, కొత్త మక్కజొన్న వచ్చినప్పుడు సాయంత్రం మక్కగారెలు. బోడకాకర కిలో ధర కోడిమాంసం ధరను మించే రోజులుంటాయి. అటువంటప్పుడు దాన్ని భోజనంలో పెట్టకుండా విడిగా అమ్ముతారు, ఆ సంగతి కూర్చోకముందే చెబుతారు. ఈ ముందుమాట నాకు నచ్చింది.

ఇక నాటుకోడి. ముందు చెప్పాలని బోర్డు మీద రాయడానికి కారణముంది. ఇంటి చుట్టూ తిరిగి గింజలు ఏరుకుని పెరిగిన కోడి మాంసం గట్టిగా ఉంటుంది; బాయిలర్ కోడి ఉడికినంత తొందరగా అది ఉడకదు. ప్రెషర్ కుక్కర్లో వేసి విజిళ్ళు పెట్టిస్తే ముక్క మెత్తబడుతుంది కానీ పులుసుకు ఆ చిక్కదనం రాదు. ఇక్కడ ఈకలు తీసిన కోడిని మంట మీద కాల్చి, పసుపు రాసి, చర్మంతోనే కొట్టి, తుమ్మకట్టెల పొయ్యి మీద మందపాటి గిన్నెలో వండుతారు. అల్లంవెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు తప్ప వేరే మసాలా పెద్దగా కనబడదు. కూరకు వచ్చిన ఎరుపు వరంగల్ చపాట మిరపది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిరపలో రంగు ఎక్కువ, కారం తక్కువ. కారం కోసం కొంచెం తేజ రకం కలుపుతామని వంట చేసే అక్క చెప్పింది. రెండూ వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల దొరికేవే. ఈ లెక్క తెలియని చోట కూర ఎర్రబడాలని కారం గుమ్మరిస్తారు, లేదా రంగు పొడి వేస్తారు. ఇక్కడి కూర తిన్నాక నోరు మండదు, చేతికి రంగు అంటదు. జొన్నరొట్టెతో పెట్టే పళ్ళెం 220 రూపాయలు. బగారా అన్నంతో అయితే మరో 30. జొన్నరొట్టెనే తీసుకోమని నా సలహా. బగారా బాగాలేదని కాదు, మసాలా వేసిన అన్నం పక్కన ఈ పులుసు రుచి సగం తెలియకుండా పోతుంది.

చేపల పులుసు అన్ని రోజులూ ఉండదు. ఊరి చెరువులో వల వేసిన నాడు రవ్వలో బొచ్చెలో వస్తాయి, కొర్రమట్ట అరుదుగా దొరుకుతుంది. చేప ఉన్న రోజు గడప పక్కన పలక మీద సుద్దతో రాస్తారు. ఐసు పెట్టెలో వచ్చిన చేపను కొనరు, కనుక పలక ఖాళీగా ఉంటే అడగడం దండగ.

ఈ హోటలు నిలబడడం వెనుక ఉన్న ఆలోచన రుచికంటె ఆసక్తికరమైనది. మన పల్లెల్లో హోటలంటే చాలాకాలం దాకా చాయ్, మిర్చీబజ్జీ, పొద్దున పూట పూరీ మాత్రమే. మధ్యాహ్నం అన్నం ఇంట్లో తినాలి, పొలానికి పోతే సద్ది కట్టుకుపోవాలి; డబ్బు పెట్టి అన్నం కొనుక్కోవడం కొంత చిన్నతనంగా కూడా చూసేవాళ్ళు. ఎవరి చేతి వంట ఎవరు తింటారన్న కులం లెక్కలూ ఉండేవి, అవి పూర్తిగా పోయాయని అనలేము. అందుచేత ఊరి హోటలుకు మొదటి పోటీదారు ఊళ్ళోని ప్రతి ఇంటి పొయ్యి. ఈ దంపతులు ఆ పొయ్యి వెలగని మనుషులెవరో ముందుగా లెక్కవేసుకున్నారు: హనుమకొండ నుంచి రోజూ వచ్చిపోయే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఎరువుల దుకాణానికీ ఆస్పత్రికీ వచ్చి బస్సు కోసం ఆగే రైతులు, లారీ డ్రైవర్లు, జాకారంలో మొదలైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి పనుల మీద వచ్చిపోయేవాళ్ళు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేకపోవడంతో ములుగు పనికి వెళ్ళి తిరిగివచ్చే ఆడవాళ్ళు పెరిగారనీ, వాళ్ళు ఒక్కరే వచ్చి నిశ్చింతగా కూర్చుని తినడానికి లోపలి వసారాలో రెండు బల్లలు వేశామనీ హోటలాయన చెప్పాడు.

ఆ నిశ్చింత ఊరికే రాలేదు. ఊరి హోటలు పెట్టగానే సాయంత్రం సీసాలతో వచ్చి "రెండు గ్లాసులియ్యి, కోడి వేపుడు పెట్టు" అనేవాళ్ళు తయారవుతారు. వేపుడు మీద లాభం బాగా ఉంటుంది, అడిగేవాళ్ళు కూడా తెలిసినవాళ్ళే, కాదంటే మొహం మాడ్చుకుంటారు. మొదటి నెలల్లో ఒకరిద్దరు తగాదాకు కూడా వచ్చారట. అయినా ఒప్పుకోలేదు, రాత్రి ఎనిమిదికి పొయ్యి ఆర్పేస్తారు. సాయంత్రం అమ్మకం అందువల్ల టిఫిన్లతోనే ఆగిపోతుంది. వ్యాపారం తెలిసినవాళ్ళు దీన్ని తప్పు అనవచ్చు. ఒకసారి సిట్టింగులకు పేరుపడిన హోటలుకు టీచరమ్మలు మధ్యాహ్నం భోజనానికి రారు, ఈ హోటలు బతుకుతున్నదేమో వాళ్ళ మీదనే. కనుక వాళ్ళ నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం.

ఖాతా విషయంలోనూ వీళ్ళ పద్ధతి చెప్పుకోదగ్గది. పల్లెలో హోటళ్ళను ముంచేది సాధారణంగా అరువు. ఎదురుగా కూర్చున్న మనిషి మేనమామ వరస అవుతాడు, లేదా నిన్ననే ట్రాక్టరు ఇచ్చి సాయపడ్డవాడు అవుతాడు; అతన్ని డబ్బులు అడగడం కష్టం. "అరువు రేపు" అని గోడకు రాసినా ఎవరూ పట్టించుకోరు. వీళ్ళు జీతగాళ్ళకు మాత్రం నెల ఖాతా పెట్టారు, ఒకటో తారీఖు తరువాత ఫోన్‌పేలో తీసుకుంటారు. రైతులకు డబ్బు ఖాతా లేదు. వస్తువు ఖాతా ఉంది: టమాటలు, వంకాయలు, కట్టెలు, కోళ్ళు ఇచ్చినవాళ్ళ పేరు మీద భోజనాలు జమ వేస్తారు. పత్తి డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టే ఊళ్ళో ఇది ఇద్దరికీ పనికివచ్చే ఏర్పాటు. ఇంటి కోడి ఇక్కడికి చేరే దారి కూడా ఇదే.

ఆదివారం చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన తరువాత ఈ దారిలో సెలవు రోజుల కార్లు బాగా పెరిగాయి. వాటిలో వచ్చినవాళ్ళందరికీ నాటుకోడే కావాలి. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి వారానికి వచ్చే కోళ్ళు అంతమందికి చాలవు. కట్టెల పొయ్యిలు రెండే ఉన్నాయి. నేను వెళ్ళిన ఒక ఆదివారం ఒంటిగంట దాటేసరికి వసారా అంతా నిండిపోయి, బయట వేపచెట్టు కింద కూడా జనం నిలబడి ఉన్నారు. చాలాసేపు ఆగిన తరువాత వచ్చిన కూరలో పులుసు పలచగా ఉంది, ముక్క ఒకటి మెత్తగానూ ఒకటి సాగుతూనూ ఉంది. ఒకే గిన్నెలో రెండు రకాల కోళ్ళు పడ్డాయని తింటుంటేనే తెలిసిపోయింది. అడిగితే హోటలాయన దాచలేదు. "ఆదివారం ఊరికోడి సరిపోదు సార్, గ్రామప్రియ కలుస్తది. గిరాకి ఎక్కువైతది, ఏం జేస్తం" అన్నాడు.

గ్రామప్రియను తప్పు పట్టడం లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను తయారుచేసింది, అవి బాయిలర్ కంటె రుచిగానే ఉంటాయి. కానీ ఊరికోడి కంటె అవి తొందరగా పెరుగుతాయి, తొందరగా ఉడుకుతాయి, కొనేటప్పుడు ధరా తక్కువే. అదే 220 రూపాయలు తీసుకుని, అదే నాటుకోడి పేరుతో పెట్టడం న్యాయం కాదు. పలక మీద చేప పేరు రాసేవాళ్ళు కోడి పేరు కూడా రాయవచ్చు, ధర 160 అనీ పెట్టవచ్చు. తినేవాళ్ళు ఎవరూ లేచిపోరు. అడిగితేనే చెప్పే నిజాయితీ సగం నిజాయితీ. ఈ మాట ఆయనతోనే అన్నాను, చూద్దామన్నాడు.

మిగతా లోపాలు త్వరగా చెప్పవచ్చు. మరుగుదొడ్డి ఒక్కటే, అది వంటింటి వెనుక ఉంది, లైటు లేదు. ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా బల్లలు వేసినవాళ్ళు దీన్ని ఇలా వదిలేయడం అర్థం కాదు. చేతులు కడిగే చోట సబ్బు ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. పొయ్యి పొగ గాలి తిరిగిన రోజున వసారాలోకి వస్తుంది, ఎత్తయిన పొగగొట్టం ఒకటి పెట్టించాలి. బిల్లు అడిగితే కాగితం ముక్క మీద అంకెలు వేసి ఇస్తారు. ఆహార భద్రత సంస్థ వాళ్ళ 14 అంకెల నంబరు గోడ మీద ఉంది కానీ, 2022 నుంచి అది బిల్లు మీద కూడా ఉండాలన్న నిబంధన ఉంది. కార్యాలయం పని మీద తిరుగుతూ బిల్లు అవసరమైనవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బిల్లు మాట వచ్చింది కనుక, ఇటువంటి హోటలు పెట్టదలచినవాళ్ళు వంటకంటె ముందు చూసుకోవలసిన కాగితాల సంగతి కొంత. ఇంటిని హోటలుగా మార్చినప్పుడు కరెంటు కనెక్షన్ గృహ అవసరాల కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి మార్పించుకోవాలి. మార్చకుండా నడిపితే తనిఖీలో పట్టుబడినప్పుడు పడే బకాయి చిన్న హోటలు నెల లాభాన్ని మింగేస్తుంది. గ్యాసు కూడా 14.2 కిలోల ఇంటి సిలిండరు వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండరే తీసుకోవాలి. వీళ్ళు అన్నం, పప్పు గ్యాసు మీద, మాంసం కట్టెల మీద వండడానికి రుచి ఒక్కటే కారణం కాదు. సిలిండరు ఖర్చు తగ్గించుకోవడం కూడా. గ్రామపంచాయతీ లైసెన్సు వేరుగా ఉండాలి. జీఎస్టీ విషయంలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అది పెద్ద మొత్తంగా కనబడుతుంది కానీ, సెలవులను కూడా కలిపి రోజుకు సగటున 5,500 రూపాయల అమ్మకం ఉంటే ఏడాదికి ఆ గీత దాటినట్టే. ఆదివారం గిరాకీ ఉన్న హోటలు అక్కడికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ తరువాత చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ పద్ధతిలో చేరితే అమ్మకం మీద 5 శాతం తామే కట్టుకోవాలి, తినేవాడి దగ్గర విడిగా వసూలు చేయకూడదు. అంటే 90 రూపాయల భోజనంలో నాలుగున్నర రూపాయలు పన్నుకు పోతాయి. ధర నిర్ణయించేటప్పుడే ఇది లెక్కలో ఉండాలి, నెల ఖాతావాళ్ళకు మధ్యలో ధర పెంచితే మాట పడవలసి వస్తుంది.

ఈ హోటలు పెట్టుబడి కోసం ఇల్లాలు మహిళా సంఘం ద్వారా స్త్రీనిధి రుణం తీసుకున్నది, మిగిలింది ఇంటి బంగారం. కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం పీఎంఈజీపీలో పల్లెలో సేవారంగం యూనిట్లకు 20 లక్షల దాకా అంచనా వ్యయానికి అవకాశముంది, మహిళలకు అందులో 35 శాతం రాయితీ వస్తుంది. వీళ్ళు దాని జోలికి పోలేదు. పెద్ద అప్పుతో పెద్ద షెడ్డు వేసి, ఏసీ గది కట్టి, ఆరు నెలల్లో మూసేసిన హోటళ్ళు ఈ రోడ్డు మీద కనబడుతూనే ఉన్నాయి. అప్పు చిన్నదైనందువల్లనే వీళ్ళు గిరాకీ లేని రోజుల్లో నాలుగు కిలోల బియ్యంతో పొయ్యి వెలిగించి కూడా నష్టపోకుండా ఉండగలుగుతున్నారు.

ఆదివారం సమస్యకు ఉత్తర తెలంగాణలోనే ఒక దారి ఉంది. ఆర్మూరు దగ్గరి అంకాపూర్‌లో నాటుకోడి కూర ఎప్పుడో పేరు తెచ్చుకుంది. అక్కడ ముందుగా ఫోను చేసి చెబితే కోడిని కోసి వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. ఒక్క పొయ్యి మీద బరువు పడకుండా ఊళ్ళో చాలా చోట్ల వంట సాగుతుంది. అక్కడి నేల మొదటినుంచీ మక్క, పసుపు, ఎర్రజొన్న విత్తనాలతో డబ్బు చూసినది, కొనేవాళ్ళూ దండిగా ఉన్నారు. ఆ స్థాయి ఇక్కడ ఇప్పట్లో రాదు. కానీ ఊళ్ళోనే వండగలిగిన మరో రెండు మూడు ఇళ్ళకు ఆదివారం ఆర్డర్లు పంచి, ముందు చెప్పినవాళ్ళకే కోడి ఇస్తామని బోర్డులో రాసిన మాటను ఆదివారం కూడా పాటిస్తే సగం చిక్కు తీరుతుంది. ప్రస్తుతం ఆ నియమం మామూలు రోజుల్లోనే నడుస్తున్నది. కారు దిగి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడానికి వాళ్ళకు మనసు ఒప్పడం లేదు.

మేడారం జాతర రోజుల్లో మాత్రం వాళ్ళు వెనక్కి పంపడం నేర్చుకున్నారు. 2026 జనవరి చివర జాతర జరిగినప్పుడు మాంసాహారం పూర్తిగా ఆపేశారట. మొక్కు కోళ్ళ కోసం ఊరూరా జనం తిరుగుతుంటే కోడి ధర అందనంత ఎత్తుకు పోతుంది. పైగా జాతరకు పోయేవాళ్ళు బియ్యం, గిన్నెలు బండిలో వేసుకుని అక్కడే వండుకుంటారు, హోటల్లో మాంసం తినరు. వాళ్ళకు కావలసింది చాయ్, ఉప్మా, ఇడ్లీ, పిల్లలకు వేడినీళ్ళు. అంతకుముందు జాతరలో ఎక్కువ వండి పారబోసిన తరువాత ఇది తెలిసిందని అక్క చెప్పింది.

వెళ్ళదలచినవాళ్ళకు: మంగళవారం సెలవు. బళ్ళు ఆపడానికి వేపచెట్టు కింద చోటుంది, పెద్ద బస్సు మాత్రం పట్టదు. నాటుకోడి కావాలంటే పొద్దున తొమ్మిది లోపల ఫోను చేయాలి, ఎంతమందో కచ్చితంగా చెప్పాలి, చెప్పిన వేళకు చేరాలి. పార్శిల్ అయితే సొంత టిఫిన్ డబ్బా తీసుకుపోతే అందులోనే పెట్టి ఇస్తారు. ఆదివారం తప్పనిసరి అయితే పన్నెండు లోపల చేరుకుని, ఆ రోజు గిన్నెలో ఉన్నది ఏ కోడో అడిగి, పలక మీద చేప రాసి ఉంటే దాన్నే తీసుకోవడం మేలు.